వీడియో అర్థమైంది, లెక్క రాలేదు

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో సీఈసీ. ఈ సెమిస్టర్ స్టాటిస్టిక్స్‌ని కేంద్ర ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయంలో, ఎన్‌పీటెల్ (ఐఐటీల వాళ్ళు నడిపే కార్యక్రమం) వాళ్ళ 12 వారాల కోర్సుగా తీసుకున్నాను. పగలు కాలేజీ, సాయంత్రం నాన్న కొట్లో కూర్చోవాలి, వీడియోలు చూసేది రాత్రి పదిన్నర దాటాకే, అదీ ఫోన్‌లో. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, అసైన్‌మెంట్ తెరిస్తే ఒక్కటీ రాదు. నాలుగు వారాలూ ఇలాగే పోయాయి. టెన్షన్‌గా ఉంది, వదిలేయమంటారా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వదలొద్దమ్మా. ముందు మార్కుల సంగతి చూద్దాం, అక్కడే సగం టెన్షన్ పోతుంది. ఈ 12 వారాల కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. ఆ 25కి కూడా పన్నెండు అసైన్‌మెంట్లూ లెక్కలోకి రావు, బాగా వచ్చిన ఎనిమిదింటి సగటే తీసుకుంటారు. నీకు పోయినవి నాలుగు, మిగిలినవి సరిగ్గా ఎనిమిది. అంటే ఇప్పటిదాకా నువ్వేమీ పోగొట్టుకోలేదు, ఇకపై పోగొట్టుకునే వీలు మాత్రం లేదు! పాసవ్వాలంటే 25కి 10, 75కి 30, రెండూ విడివిడిగా రావాలి. పరీక్షకు వేరేగా రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టాలి, ఆ గడువు దాటనివ్వకు. ఇంకోటి, స్వయం కోర్సుల క్రెడిట్లను సెమిస్టర్‌లో 40 శాతం దాకా తీసుకోవచ్చని యూజీసీ 2021లోనే చెప్పింది గానీ, నీ కోర్సు నీ డిగ్రీలో కలుస్తుందో లేదో చెప్పాల్సింది మీ కాలేజీ. అడిగావా? నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకో.

ఇక చదువు. ఫోన్‌లో వీడియో చూస్తూ పక్కన నోటు పుస్తకం లేకపోతే ఎవరికైనా ఇదే జరుగుతుంది, సీఈసీ కాదు ఎంపీసీ పిల్లలకైనా. మాస్టారు లెక్క చదవగానే వీడియో ఆపేయ్. నువ్వు చెయ్యి, తప్పో ఒప్పో చివరిదాకా చెయ్యి, ఆ తర్వాతే ప్లే నొక్కు. అరగంట వీడియోకి గంటన్నర పడుతుంది, పట్టనీ. అలాగైతే వారానికి అన్ని వీడియోలూ కుదరవంటావేమో, కుదరకపోతే ఒకటి తగ్గించుకో గానీ ఒకటిన్నర స్పీడులో పెట్టి అన్నీ చూసేశాననిపించుకోకు. రాత్రి పదిన్నరకి అసలే వద్దు. కొట్లో బేరాలు లేని వేళ క్యాలిక్యులేటర్ ఎలాగూ చేతి దగ్గరే ఉంటుంది కదా.

లెక్కలు కూడా నీ ఊరివే పెట్టుకో. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాలకు కొదవేముంది, సర్వదర్శనానికి ఎంతసేపు పట్టిందని ఐదుగురిని అడిగావనుకుందాం. 6, 7, 7, 8 గంటలన్నారు నలుగురు, ఐదో ఆయన రద్దీ రోజున వెళ్ళి 22 గంటలన్నాడు. సగటు 10 గంటలు, మధ్యగతం (వరుసలో పెడితే నడుమ వచ్చే అంకె) 7. పదిగంటలు పట్టినవాడు ఈ ఐదుగురిలో ఒక్కడూ లేడు చూడు! రేపు వచ్చే మేనత్తకు నువ్వు ఏ అంకె చెబుతావు? ఆ ప్రశ్నకు జవాబు నీ మాటల్లో రాయగలిగితే మొదటి రెండు వారాల పాఠం వచ్చేసినట్టే.

ఇప్పుడు స్టాండర్డ్ డీవియేషన్, అదే పుస్తకాల్లో క్రమవిచలనం, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది. సగటు నుంచి తేడాలు -4, -3, -3, -2, 12. వర్గాలు కలిపితే 182. దాన్ని 4తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 6.75. 22 గంటలాయన్ని పక్కన పెట్టి మిగతా నలుగురికి చేస్తే 0.82. ఒక్క మనిషి ఎంత పని చేశాడో! ఐదుగురుంటే 4తో ఎందుకు భాగించామంటావా, తేడాలు కొలిచింది ఆ ఐదుగురి సొంత సగటు నుంచే. సొంత సగటుకు వాళ్ళు ఎప్పుడూ దగ్గరగానే ఉంటారు కాబట్టి అసలు చెదురు కంటే తక్కువ కనిపిస్తుంది, ఆ లోటు పూడ్చడానికే ఒకటి తగ్గిస్తాం. అసైన్‌మెంట్లలో చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే: ఎక్సెల్‌లో దీనికి రెండు ఫంక్షన్లున్నాయి, చివర ఎస్ ఉన్నది శాంపిల్‌కి, పి ఉన్నది మొత్తం జనాభాకి. పి వాడితే ఇదే లెక్కకు 6.03 వస్తుంది, పద్ధతంతా సరిగ్గా ఉన్నా జవాబు తప్పని చూపిస్తుంది. ‘ఒక్కటీ రాదు’ అన్నావే, అందులో కొన్ని ఇవే అయ్యుండొచ్చు, ఒకసారి వెనక్కెళ్ళి చూడు.

పదో తరగతి లెక్కల పుస్తకంలో సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత పాఠాలు తీసి ఓసారి చేసేయ్. ఈ కోర్సు మొదలయ్యేది అక్కణ్ణుంచే.

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. డిగ్రీ అయ్యి చాలా ఏళ్ళైంది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో స్టాటిస్టిక్స్ మొదలుపెట్టి పి-వాల్యూ దగ్గర ఇరుక్కున్నాను. ‘0.05 కన్నా తక్కువైతే రిజెక్ట్’ అంటారు అందరూ, ఎందుకో చెప్పరు.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ చేతిలో ఒక నాణెం ఉంది, పదిసార్లు ఎగరేస్తే తొమ్మిదిసార్లు బొమ్మే పడింది. నాణెంలో మోసం లేదనే అనుకుందాం. పదిసార్లు ఎగరేస్తే మొత్తం 1024 రకాలుగా పడొచ్చు. తొమ్మిది గానీ పది గానీ బొమ్మలు పడే రకాలు 11, బొరుసు వైపు కూడా అలాంటివే 11. 22ని 1024తో భాగిస్తే 0.021. పి-వాల్యూ అంటే ఇదే: మోసం లేకపోతే ఇంత వింత ఫలితం, లేదా ఇంతకంటే వింతది, రావడానికి ఎంత అవకాశముందని. ఇది 0.05 కన్నా తక్కువ కాబట్టి ‘మోసం లేదు’ అన్న ఊహను వదిలేస్తారు, రిజెక్ట్ అంటే అదే. ‘ఈ నాణెం మంచిదయ్యే అవకాశం 2 శాతం’ అని మాత్రం కాదు. ఈ రెండు వాక్యాలకీ తేడా పట్టుకోవడానికి ఒక రోజంతా పట్టినా నష్టం లేదు, బోధించేవాళ్ళు కూడా కొందరు కలిపేస్తుంటారు.

0.05 ప్రకృతి గీసిన గీతేమీ కాదు. 1925లో రోనాల్డ్ ఫిషర్ సౌకర్యంగా ఉంటుందని వాడిన అంకె, అలాగే అలవాటైపోయింది. మీ పనిలో దీనికంటే జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. గుజ్జు బ్రిక్స్ (తీపిని కొలిచే అంకె) 14 ఉండాలనుకోండి, వేల డబ్బాలు పరీక్షిస్తే సగటు 13.98 వచ్చినా పి-వాల్యూ చాలా చిన్నదిగా రావచ్చు. తేడా నిజమే, కానీ ఆ 0.02 కొనేవాడికి పట్టదు. అందుకే పి-వాల్యూ ఒక్కటే రాసి ఊరుకోకుండా తేడా ఎంతో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంతదాకా ఉండొచ్చో చెప్పే హద్దులు) ఎంతో కూడా రిపోర్టులో రాయండి. మీ మేనేజర్ చదివేది చివరికి అదే.

ప్రశ్న: మా అబ్బాయిదీ ఎన్‌పీటెల్ కోర్సే. అసైన్‌మెంట్లన్నీ ఏఐని అడిగి పెట్టేస్తున్నాడు, నూటికి నూరు వస్తున్నాయి. పర్లేదా?
– ఒక తండ్రి, పుత్తూరు

జవాబు: ఆ 25 వచ్చేస్తాయి సార్. మిగతా 75కి సెంటర్‌కి వెళ్ళి కూర్చుని రాయాలి, లోపలికి ఫోన్ రానివ్వరు. ఈ ఆదివారం పాత అసైన్‌మెంట్ ఒకటి తీసి, ఫోన్ మీ దగ్గర పెట్టుకుని, కాగితం మీద చేయమనండి. సగం కూడా రాకపోతే కోప్పడొద్దు, ఏ వారం పాఠం దగ్గర ఆగాడో చూసుకుని అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టమనండి. ఏఐని మానేయమని చెప్పినా ఎలాగూ మానడు. తన జవాబు రాశాక ‘ఇందులో తప్పెక్కడ?’ అని అడగమనండి.