జావాస్క్రిప్ట్‌ని తిడుతూనే అందరూ అదే ఎందుకు రాస్తారు?

ప్రశ్న: ఈ మధ్యే జావాస్క్రిప్ట్ నేర్చుకోవడం మొదలుపెట్టానండి. ఒక సీనియర్ "అదీ ఒక లాంగ్వేజేనా" అంటాడు, ఇంకొకాయన "అదొక్కటి వస్తే చాలు, ఎక్కడైనా బతికేస్తావ్" అంటాడు. తమాషా ఏంటంటే ఇద్దరూ రోజూ రాసేది అదే. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిదీ వినండి, కాకపోతే ఆ తిట్టేది దేన్ని తిడుతున్నాడో ముందు కనుక్కోండి. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపం పది రోజుల్లో తయారుచేశాడు, అప్పట్లో జావా పేరు మారుమోగుతోంది కాబట్టి మార్కెటింగ్ కోసం ఆ పేరు తగిలించారు, అంతేగానీ రెండూ వేరే వేరే లాంగ్వేజీలు. జావా నుంచి అచ్చంగా ఎత్తుకొచ్చింది తేదీల కోసం వాడే డేట్ ఒకటి, అందులో జనవరి అంటే సున్నా! తర్వాత జావా వాళ్ళే ఆ పద్ధతి బాలేదని వేరే దారి చూసుకున్నారు, ఇక్కడ మాత్రం అలాగే ఉండిపోయింది.

హడావిడిగా చేసినదాని గుర్తులు ఇంకా చాలా ఉన్నాయి. కోట్స్‌లో ఉన్న "5"కి 1 కలిపితే "51" వస్తుంది, అదే "5"లోంచి 1 తీసేస్తే బుద్ధిగా 4 వస్తుంది. 10, 9, 1 ఇచ్చి సార్ట్ చెయ్యమంటే 1, 10, 9 అని ఇస్తుంది, ఎందుకంటే మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అంకెల్ని కూడా అక్షరాల్లాగే పోలుస్తుంది. నల్ (అంటే ఏమీ లేదని చెప్పే విలువ) ఏ టైపు అని అడిగితే ఆబ్జెక్ట్ అంటుంది, అది బగ్ అని అందరికీ తెలుసు.

మరి తెలిసీ ఎందుకు సరిచెయ్యరు? నాకైతే మొత్తం గొడవంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. పైథాన్ అనే ఇంకో లాంగ్వేజ్ వాళ్ళు 2008లో 3వ వెర్షన్ తెచ్చి పాత కోడ్‌తో తెగతెంపులు చేసుకున్నారు, పాతదానికి సపోర్ట్ పూర్తిగా ఆపేసరికి 2020 వచ్చింది, అయినా ఎలాగో గట్టెక్కారు. బ్రౌజర్‌లో ఆ పని కుదరదు. ఎప్పుడో 1998లో పేజీ రాసి వదిలేసినాయన మళ్ళీ వచ్చి దాన్ని సరిచెయ్యడు కదా, ఆ పేజీ ఈరోజు కూడా తెరుచుకోవాలి. 2018లో అరేలకి (అంటే జాబితాలకి) ఫ్లాటెన్ అనే కొత్త మెథడ్ పెడదామనుకుంటే మూటూల్స్ అనే పాత లైబ్రరీ అప్పటికే ఆ పేరు వాడేసుకుంది, దాన్ని నమ్ముకున్న సైట్లు పగిలిపోతాయని చివరికి ఫ్లాట్ అని పేరు మార్చి పెట్టారు. అంటే ఇందులో ఏదైనా చేర్చొచ్చు కానీ తీసెయ్యడం మాత్రం దాదాపు కుదరదు, ఇల్లు ఖాళీ చెయ్యకుండానే రిపేర్లు చేసుకుంటూ పోయినట్టు. 2015లో లెట్, కాన్స్ట్, క్లాసులు, ప్రామిస్‌లు, యారో ఫంక్షన్లు లాంటి కొత్త సదుపాయాలు వచ్చాక రాసే తీరే మారిపోయింది, మీ సీనియర్లలో ఒకాయన అంతకుముందు దెబ్బలు తిన్నవాడూ రెండో ఆయన ఆ తర్వాత వచ్చినవాడూ అయ్యుండొచ్చు.

అన్నట్టు, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని ఎవరైనా దీన్ని వెక్కిరిస్తే నమ్మకండి, పైథాన్‌లో చూసినా జావాలో చూసినా అంతే, కంప్యూటర్ దశాంశాల్ని దాచుకునే పద్ధతే అలాంటిది. మీరు మాత్రం పోల్చేటప్పుడు టైపులు తనే మార్చేసుకునే రెండు ఈక్వల్స్ (==) బదులు మూడు ఈక్వల్స్ (===) వాడటం ఇప్పుడే అలవాటు చేసుకోండి, సగం తలనొప్పులు అక్కడే పోతాయి.

ప్రశ్న: టైప్‌స్క్రిప్ట్ నేర్చుకుంటే ఇక జావాస్క్రిప్ట్ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదండీ. అది జావాస్క్రిప్ట్‌కే టైపులు తగిలించిన లాంగ్వేజ్, 2012లో మైక్రోసాఫ్ట్ దాన్ని బయటికి తెచ్చింది, వెనకున్నది టర్బో పాస్కల్, సీ షార్ప్ చేసిన ఆండర్స్ హెల్స్‌బర్గ్. పెద్ద ప్రాజెక్టుల్లో అది లేకుండా పని చెయ్యమంటే నేనైతే చెయ్యను. కానీ టైపులన్నీ కోడ్ రాసేటప్పుడే, రన్ అయ్యేసరికి అవి చెరిగిపోయి మామూలు జావాస్క్రిప్టే మిగులుతుంది. సర్వర్ నుంచి నంబర్ వస్తుందని మీరు రాసుకున్నారు, అది కాస్తా స్ట్రింగ్ (కోట్స్‌లో ఉండే అక్షరాలు) పంపింది, టైప్‌స్క్రిప్ట్ నోరెత్తదు, మళ్ళీ ఆ "51" గోలే.

ప్రశ్న: చిన్న పేజీ ఒకటి చేద్దామని కూర్చుంటే డౌన్‌లోడ్ చేసిన ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ కొండలా పెరిగిపోయింది. ఈ లాంగ్వేజే ఇంతా?

జవాబు: ఇది లాంగ్వేజ్ మీద పెట్టాల్సిన కేసు కాదు, అలాగని దాని తప్పేమీ లేదని పూర్తిగా వదిలెయ్యాల్సిందీ కాదు. మొదట్నుంచీ ఇందులో రెడీమేడ్ సరుకు తక్కువ, అందుకే ప్రతి చిన్నదానికీ ఎన్‌పీఎమ్ అనే ప్యాకేజీల గోదాంలో ఎవరో ఒకరు ప్యాకేజీ పెట్టేశారు, ఆ ప్యాకేజీ ఇంకో పదింటి మీద ఆధారపడుతుంది. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ బాబెల్ (కొత్త జావాస్క్రిప్ట్‌ని పాత బ్రౌజర్లకి అర్థమయ్యేలా మార్చేది) లాంటి పెద్దపెద్దవి కూడా ఇన్‌స్టాల్ అవ్వక ప్రపంచమంతా ప్రోగ్రామర్లు జుట్టు పీక్కున్నారు, కొన్ని గంటల్లో దాన్ని తిరిగి పెట్టారనుకోండి. అది చేసే పని ఏంటంటే స్ట్రింగ్‌కి ఎడమపక్క ఖాళీలు నింపడం! ఆ మరుసటి ఏడే ప్యాడ్‌స్టార్ట్ పేరుతో అదే పని లాంగ్వేజ్‌లోకే వచ్చేసింది. ఇప్పుడు సర్వర్‌ని అడగడానికి ఫెచ్ ఉంది, ఆబ్జెక్ట్ కాపీకి స్ట్రక్చర్డ్‌క్లోన్ ఉంది, తేదీలు కావాల్సిన భాషలో చూపించడానికి ఇంట్ల్ ఉంది. ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఒకసారి అవి చూడండి, ఆ చిన్న పేజీకి బహుశా ఒక్క ప్యాకేజీ కూడా అక్కర్లేకపోవచ్చు.