చదివేవాళ్లున్నారు, తెచ్చిచ్చేవాళ్లే తగ్గారు

(పాఠకుల ప్రశ్నలకు మా పాత సబ్ ఎడిటర్ జవాబులు)

ప్రశ్న: బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో ఐదుగురం, ఫోన్లు ఆరు. వారపత్రిక వస్తే నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. చదివే అలవాటు ఇక పోయినట్టేనా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ ఇంట్లోవాళ్లు పత్రిక ముట్టుకోవడం లేదంటే ఒప్పుకుంటాను. చదవడం లేదంటే మాత్రం ఒప్పుకోను. మీ కోడలుగారు పొద్దుట్నించి ఫోన్లో ఏం చూశారో ఒకసారి అడగండి (చెబితే!). వాట్సాప్‌లో ఎవరో పంపిన మెంతుల వైద్యం, ఫేస్‌బుక్‌లో ఎవరింటిదో అత్తాకోడళ్ల గొడవ, యాప్‌లో సీరియల్ నవల నలభయ్యో భాగం. అన్నీ కలిపితే మా వారపత్రికలో ఉన్నన్ని అక్షరాలూ ఉంటాయి. అందులో పనికొచ్చేది ఎంత అంటారా, మా పత్రికలో మాత్రం అన్నీ పనికొచ్చేవేనా ఏమిటి?

నన్నడిగితే పోయింది పాఠకులు కాదు, పత్రికను పాఠకుడి గుమ్మం దాకా తెచ్చే మనుషులు. నేను డెస్కులో ఉన్నప్పుడు మాకు ఎడిటర్‌గారి కంటే సర్క్యులేషన్ మేనేజరంటేనే హడల్. రాత్రి కట్టలు కట్టి రైల్లోనో ఆర్టీసీ బస్సులోనో వేస్తే తెల్లారేసరికి ఊళ్లో ఏజెంటు దించుకునేవాడు. అక్కణ్ణుంచి బస్టాండు బుక్‌స్టాలుకి, కిళ్లీకొట్టుకి, అద్దె నవలల షాపుకి. అమ్ముడుపోనివి రిటన్లు. నాలుగు ఊళ్ల నుంచి రిటన్లు పెరిగితే చాలు, ‘ఆ సీరియల్ తొందరగా ముగించమనండి’ అని కబురొచ్చేది. అద్దె షాపుకి చేరిన కాపీ ఒక్కటే వీధి మొత్తం తిరిగి, అట్ట ఊడి, మూలలు మడతలు పడి, చివరికి పొట్లాలకు పోయేది.

ముందు టీవీ సీరియళ్లొచ్చి అద్దె షాపుల్ని మూయించాయి. తర్వాత 2016లో జియో వచ్చి డేటా కారుచౌక అయ్యింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే రైళ్లూ బస్సులూ ఆగాయి. కాగితం మీద వైరస్ ఉంటుందన్న భయంతో అపార్ట్‌మెంట్ల వాళ్లు పేపర్ కుర్రాణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. అప్పుడు అచ్చు ఆపిన వారపత్రికల్లో కొన్ని మళ్లీ రానేలేదు. 1978 నుంచి నెలకో నవల ఇచ్చిన చతుర, దాని తోడుగా కథలిచ్చిన విపుల కూడా 2021లో ఆగిపోయాయి. ఈలోగా ఏజెంటు ఏం చేస్తాడు? కమీషన్ లేని చోట ఎన్నాళ్లుంటాడు? నాకు తెలిసిన ఒకాయన ఇప్పుడు కొరియర్ ఆఫీసు నడుపుతున్నాడు.

మీ తెనాలి పక్కనే, 1935లో పెదపాలెం వాళ్లు పడవలో పుస్తకాలు సర్దుకుని కాలువ వెంబడి ఊళ్లకు తిప్పారు. జనం చదవడం లేదని తీరిగ్గా కూర్చుని బాధపడలేదు. ఇప్పుడు ఇంటికి తెచ్చిచ్చే పని ఫోన్ చేస్తోంది. తేడా ఏమిటంటే, పడవలో ఏ పుస్తకాలుండాలో ఆ పడవ గ్రంథాలయం నడిపిన పాతూరి నాగభూషణంగారి లాంటివాళ్లు ఆలోచించి పెట్టేవారు. ఫోను మాత్రం నిన్న మన వేలు దేని మీద ఆగిందో కనిపెట్టి, అలాంటివే ఇంకో పది ముందు పడేస్తుంది. నా అభ్యంతరమల్లా దాంతోనే.

ప్రశ్న: మీ పత్రిక పీడీఎఫ్ మా వాట్సాప్ గ్రూపులో ప్రతివారం ఉచితంగా వస్తోంది. చదవొచ్చా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇప్పటికే చదివేసి, ఇప్పుడా అమ్మా అడగడం? సరే, చదివారు కాబట్టి నచ్చిన కథ రాసినవాళ్లకు పారితోషికం ఎవరిస్తారో కూడా ఒక్కసారి గ్రూపులో అడిగి చూడండి.

ప్రశ్న: మా పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. యూట్యూబ్‌లో కథలు వింటారు. వింటే చదివినట్టేనా?
– ఓ తల్లి, డాలస్

జవాబు: కథ తెలియడానికైతే చదివినట్టేనమ్మా. మన ఊళ్లలో రచ్చబండ మీద ఒకరు పేపర్ చదివితే పదిమంది వినేవాళ్లు, వాళ్లను పాఠకులు కాదని ఎవరూ అనలేదు. అక్షరాలు మాత్రం వింటే రావు. అందుకని కొత్త కథ చేతికివ్వకండి, పది సార్లు విన్న కథనే పెద్ద అక్షరాల్లో ఇచ్చి చదివించండి. తర్వాత ఏ మాట వస్తుందో ముందే తెలుసు కాబట్టి గుణింతం దగ్గర తడుముకున్నా ఆగిపోరు. ‘ళ’ను ‘ల’ అనే ఆడియోలు మాత్రం పెట్టకండి, తర్వాత మాన్పించలేక మీరే చస్తారు. అన్నట్టు, ఈమాట అనే వెబ్ పత్రికను 1998లో మొదలుపెట్టింది మీ అమెరికా తెలుగువాళ్లే. సైటుకో ఫాంటు దించుకుంటే తప్ప తెరమీద తెలుగు కనపడని రోజులవి. మీకిప్పుడు ఆ బాధ లేదు.

ప్రశ్న: యాప్‌లో నవల రాస్తున్నాను. భాగం పెట్టగానే ‘తర్వాతిది ఎప్పుడు?’ అని కామెంట్లు. పత్రికలకు పంపితే ఉలుకూ పలుకూ లేదు. ఇక పంపడం మానేయనా?
– ఓ రచయిత్రి, కరీంనగర్

జవాబు: మానకండి. ఉలుకూ పలుకూ లేకపోవడం మా వాళ్ల తప్పే, ఇద్దరు చేసే పని ఒక్కరు చేస్తున్నారు. కానీ కామెంట్లతో జాగ్రత్త. పత్రికలో సీరియల్ మీద ఉత్తరాలొచ్చేసరికి రెండు మూడు వారాలు పట్టేది. ఈలోపు రచయిత ఇంకో నాలుగు భాగాలు ఇచ్చేసి ఉండేవారు కాబట్టి ఎవరేమన్నా కథ మారేది కాదు. మీకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. హీరోను చంపొద్దని ఇరవైమంది ఏడిస్తే మీ చెయ్యి ఆడదు. నవలంతా రాసేసి, తర్వాతే మొదటి భాగం పెట్టండి. యాప్ వాళ్ల షరతుల్లో హక్కుల సంగతి ఎక్కడుందో వెతికి చదవండి. అది మాత్రం ఫోన్లో కాదు, ప్రింటు తీసుకుని.

ప్రశ్న: తెలుగు పుస్తకాలు కొనేది మీలాంటి పెద్దవాళ్లేనట కదా?
– ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: డిసెంబరులో హైదరాబాద్ బుక్‌ఫెయిర్‌కి, ఎన్టీఆర్ స్టేడియానికి రండి బాబూ. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన అట్ట బొమ్మ ఫోన్లో చూపించి ‘అన్నా, ఇదుందా?’ అని అడిగేది మీ వయసువాళ్లే. రచయిత పేరు అడిగితే చాలామందికి తెలియదు. కొన్నాక తెలుస్తుంది లెండి. మా వయసువాళ్లు అదే స్టాలు ముందు నిలబడి, వెల చూసి, ‘మా రోజుల్లో ఇది పది రూపాయలు’ అని వెళ్లిపోతుంటారు.