పాత బుల్లెట్ 350కి 28 మి.మీ. కార్బ్యురేటర్ బిగించవచ్చా?

మీ 1994 మోడల్ బుల్లెట్ 350కి పికప్ తగ్గిందనీ, 500 సీసీ బుల్లెట్‌కు వచ్చే 28 మి.మీ. కార్బ్యురేటర్ వేస్తే బాగుపడుతుందని మెకానిక్ అంటున్నాడనీ, ఆ మాట నమ్మవచ్చా అనీ అడిగారు. కడపలో నా 350కి నేనూ ఇదే పని చేయించాను. బిగించవచ్చు, బండి నడుస్తుంది కూడా. కానీ మీ బండి రోగానికి మందు అది కాకపోవచ్చు.

350కి కంపెనీ ఇచ్చింది 24 మి.మీ. గొంతు ఉన్న మిక్‌కార్బ్ కార్బ్యురేటర్. 346 సీసీల ఇంజిన్‌కు 499 సీసీల ఇంజిన్ గొంతు తగిలిస్తే, థ్రాటిల్ కొద్దిగా తెరిచినప్పుడు లోపల గాలి వేగం పడిపోయి, జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) నుంచి పెట్రోలు సరిగా పైకి లేవదు. కోటిరెడ్డి సర్కిల్‌లో ఆగి మళ్లీ కదిలించబోతే నా బండి ప్రతిసారీ ఒక్క క్షణం ఊపిరాడనట్టు తడబడి, ఆ తర్వాతే ముందుకు దూకేది.

అసలు తంటా కార్బ్యురేటర్‌ను ఇంజిన్ హెడ్డుకు కలిపే అడాప్టర్‌తో వచ్చింది. 28 నోటికీ హెడ్డు రంధ్రానికీ మధ్య మెట్టు పడకుండా, లోపల క్రమంగా సన్నబడే అల్యూమినియం ముక్కను లేత్ మీద తిప్పించాను. బిగించాక రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కుతూ, వెనుక లారీలు లేని చోట ఫుల్ థ్రాటిల్ మీదే ఇంజిన్ ఆపి, క్లచ్ పట్టి పక్కకు తీసి స్పార్క్ ప్లగ్గు విప్పితే తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంది. పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంజిన్ స్లోలో పెట్టి అడాప్టర్ జాయింటు మీద నీళ్లు చిమ్మగానే శబ్దం మారింది. గాలి అక్కడే దూరుతోంది. అద్దం పలక మీద ఎమరీ కాగితం పరిచి, ఆ ముఖాన్ని ఓపికగా రుద్ది, కొత్త ప్యాకింగ్ వేసి, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి, పెట్రోలు ఇంకాస్త వచ్చేలా నీడిల్ (జెట్టులో ఆడే సూది) క్లిప్పు ఒక గాడి కిందికి దించాకే ప్లగ్గు కాఫీ రంగుకు వచ్చింది. పెట్రోలు సరిపోతోందన్నమాట. ఈలోగా ఎన్నిసార్లు ఘాటు ఎక్కానంటే, పైన పాలకోవా అమ్మే ఆయన నన్ను చూడగానే "ఈ రోజు ఏ రంగు?" అని అడిగేవాడు.

ఇంత చేశాక ఒకనాడు మూలన పడేసిన పాత 24ను విప్పి చూస్తే, స్లైడు (థ్రాటిల్ తిప్పితే లేచి గొంతు తెరిచే ముక్క) వేలితో కదిలిస్తే అటూ ఇటూ ఊగుతోంది, నీడిల్ జెట్టు రంధ్రం కోలగా అరిగిపోయింది. కొత్త 24 తెచ్చి వేశాను. ఘాటులో పికప్ 28తో వచ్చినంతే ఉంది, సర్కిల్ దగ్గరి తడబాటు మాత్రం పోయింది.

అందుచేత మీరు ముందు స్లైడు ఊగుతోందేమో చూడండి, ఇగ్నిషన్ పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉందో లేదో కొలిపించండి, వాల్వులను కదిలించే ట్యాపెట్లు సరిచేయించండి. అప్పటికీ 28 వైపే మనసు లాగితే జెట్లు వేర్వేరు సైజుల్లో కొనిపెట్టుకోండి. ఉన్న జెట్టునే సూదితో వెడల్పు చేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.