అత్త పగలగొట్టింది అడుగోటి కుండ

ఉత్తరం: "నాకు 39 ఏళ్ళు. మాది అనంతపురం దగ్గర పల్లె. పదిహేనేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కేఆర్ పురంలో సొంత ఫ్లాట్. నా భార్య తమ్ముడు డిప్లొమా మధ్యలో మానేసి ఎస్‌పీ రోడ్డులో కంప్యూటర్లు రిపేరు చేసే చిన్న షాపు పెట్టుకున్నాడు. ఏడో తరగతి చదివే మా బాబుకి పుట్టినరోజుకని తనే ఒక కంప్యూటర్ అసెంబుల్ చేసి తెచ్చాడు. నాలుగు నెలలకే తెరంతా నీలంగా మారి ఆగిపోయింది, బ్లూ స్క్రీన్ అంటారు. ఆ రోజు అత్తగారితో సహా అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు 'ఎస్‌పీ రోడ్డు సరుకు ఇంతే, అందుకే కంపెనీది కొందామన్నాను' అన్నాను. మా బాబు నవ్వి 'మామ కంప్యూటర్ డబ్బా' అన్నాడు. బావమరిది సగం అన్నంలో చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మూడు వారాలైంది, ఫోన్ ఎత్తడు. నా భార్య అవసరానికి మించి మాట్లాడదు. పదేళ్ళుగా ఒకే కంపెనీ ల్యాప్‌టాప్ వాడుతున్నవాణ్ణి, తేడా నాకు తెలుసు, ఉన్నమాటే అన్నాను. ఈ విషయం టెక్నికల్‌గా నా భార్యకు ఎలా నచ్చజెప్పాలి? బాబుకి ఏది కొనాలి?"

జవాబు:

రెండో ప్రశ్న ముందు తేల్చేస్తాను. ఏమీ కొనకండి. ఏడో తరగతి పిల్లవాడికి ఉన్నది చాలు. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పను. మూడు వారాలుగా ముభావంగా ఉన్న ఇల్లాలికి కంప్యూటర్ల పాఠం చెప్పాలనుకునే మగవాడికి ఏం చెప్పినా ఎక్కదు.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో కొంచెమే. మిగతాదంతా మీ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ గొప్పలు, అవతలి కంపెనీల లోపాలు. కంపెనీల పేర్లు నేనే కొట్టేశాను. ఆ గొప్పల మధ్యలో మీకు తెలియకుండా జారిపడ్డ వాక్యాలు కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం రెండుసార్లు చదివాను. కిందటేడాది క్లయింటుతో మీటింగ్ జరుగుతుంటే మీ ల్యాప్‌టాప్ ఆగిపోయింది. "అప్‌డేట్ నడుస్తున్నట్టుంది, ఏ మెషీన్‌కైనా మామూలే" అని రాశారు. ఛార్జర్ రెండుసార్లు పోయింది. "మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు సరిగా ఉండదు" అన్నారు. రిపేరుకి యాభై వేలు అడిగారు. "నాణ్యత కావాలంటే ఖర్చు తప్పదు" అన్నారు. మరి మీ బావమరిది బిగించిన పెట్టెకి ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీలం తెర వచ్చేసరికి "సరుకు ఇంతే" అయిపోయింది. అదే ఇంట్లో, అదే కరెంటు మీద నడిచే పెట్టే కదా అదీ!

అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ. మీ అమ్మమ్మ ఈ మాట ఎప్పుడూ అనలేదా?

మా నాన్నగారికి ఒక చేతి గడియారం ఉండేది. రోజుకి ఐదు నిమిషాలు వెనకపడేది. రేడియోలో వార్తలు మొదలైతే తన గడియారం చూసుకుని "ఇవాళ వీళ్ళు తొందరపడ్డారు" అనేవారు. మేమంతా నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవారు. వస్తువు మీద మమకారం ఉండడంలో తప్పేం లేదు. అయితే ఆయన ఆ గడియారాన్ని అడ్డం పెట్టుకుని మా మేనమామ మొహం మీద ఏ రోజూ మాట అనలేదు.

అవతలివాళ్ళ కంప్యూటర్లు ఎంత అధ్వాన్నమో చెప్పడానికి మీరు 2024 జులై 19 ఉదాహరణ ఇచ్చారు. ఆ రోజు కంప్యూటర్లు పడిపోయి విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, నిజమే. ఈ రంగంలోనే ఉన్న మా అబ్బాయిని అడిగాను. ఆ తప్పు క్రౌడ్‌స్ట్రైక్ అనే వేరే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన అప్‌డేట్‌దట. మైక్రోసాఫ్ట్ లెక్కప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దానివల్ల పడిపోయాయి. బయటినుంచి వచ్చినది చేసిన నిర్వాకానికి ఇంటివాళ్ళని తిట్టడం అన్నమాట. మీ ల్యాప్‌టాప్‌కి ఇలాంటిది జరిగి ఉంటే ఈ తేడా నాకు మీరే చెప్పేవారు, పైగా ఓపిగ్గా చెప్పేవారు.

వాడే ఇంకో సంగతి చెప్పాడు. 1998 ఏప్రిల్‌లో షికాగోలో ఒక ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ సమక్షంలోనే విండోస్ 98 చూపిస్తుంటే, స్కానర్ తగిలించగానే ఇదే నీలం తెర పడిందట. హాలంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వేసి, అందుకే దీన్ని ఇంకా అమ్మకానికి పెట్టలేదన్నట్టు ఒక మాట విసిరాడట. ఆయనకి చెల్లింది. ఎస్‌పీ రోడ్డులో చిన్న షాపు నడుపుకునేవాడు కన్నతల్లి ఎదురుగా, అక్క ఎదురుగా, మేనల్లుడి నవ్వు వింటూ ఏం జోకు వేయగలడు?

ఇప్పుడు మీరు ఒకే ఒక్క వాక్యంలో దాటేసిన మనిషి దగ్గరికి వస్తాను. హైదరాబాద్‌లో ఉన్న మీ తమ్ముడు. మీ దగ్గర మూడు లక్షలు తీసుకుని నాలుగేళ్ళయింది, మీ నాన్నగారి కంటి ఆపరేషన్‌కి కూడా రాలేదు. "పాపం, వాడి టైమ్ బాగాలేదు" అని రాశారు. ఆ ఆపరేషన్‌కి ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నది మీ బావమరిది. అది కూడా మీరే రాశారు, కానీ ఎందుకు రాశారో చూడండి: పొద్దున కాఫీ తేవడానికి వెళ్ళి గంట ఆలస్యం చేశాడని, బాధ్యత లేదని!

కంప్యూటర్ల విషయంలో మీకున్న రెండు తూకాలు ఇక్కడినుంచే వచ్చాయి. మీవాడు ఏం చేసినా పరిస్థితుల తప్పు. భార్య తరఫువాడు ఏం చేసినా వాడి గుణం. డిప్లొమా పూర్తి చేయలేదన్న సంగతి నాలుగు పేజీల్లో మూడుసార్లు రాశారు. మీకు కిట్టనిది ఆ పెట్టె కాదు నాయనా, దాన్ని బిగించిన చెయ్యి. మీ భార్యకి ఇది పెళ్ళైన ఏడాదికే తెలిసి ఉంటుంది. ఇన్నాళ్ళు మింగింది. ఈసారి అదే మాట కొడుకు నోట వచ్చేసరికి మింగుడు పడలేదు.

నాకు ఒక పట్టింపు ఉంది, పాతకాలపుదనుకున్నా సరే. మేనమామ చేత్తో వచ్చినదానికి నలుగురిలో వంక పెట్టకూడదు. ఉంగరమైనా, పంచె చాపైనా, కంప్యూటరైనా. బాగా లేకపోతే తర్వాత పక్కకి పిలిచి "ఒకసారి చూడవయ్యా" అనాలి. మన ఇంట్లో కంచం ముందు కూర్చున్నవాడు సగంలో లేచాడంటే ఆ తప్పు ఇంటాయనదే. అక్కడ ఉన్నమాట, లేనిమాట అన్న లెక్క ఉండదు.

1997 ఆగస్టులో బోస్టన్‌లో మైక్రోసాఫ్ట్‌కి పోటీ కంపెనీ అయిన ఆపిల్ సభ జరిగితే, తెర మీద బిల్ గేట్స్ కనిపించగానే అభిమానులు వెక్కిరిస్తూ అరిచారట. ఆయన కంపెనీ ఆపిల్‌లో 15 కోట్ల డాలర్లు పెడుతోందని చెప్పిన సభ అది. కంపెనీలు రెండూ లెక్కలు చూసుకుని చక్కగా వియ్యమందుకున్నాయి, హాల్లోవాళ్ళకి గొంతు నొప్పి మిగిలింది. మీరు ఏ కంపెనీ కోసమైతే భోజనాల దగ్గర నోరు పారేసుకున్నారో, వాళ్ళకి మీ ఇంట్లో ఎవరు అలిగారో తెలియదు.

చేయాల్సింది చెబుతాను. ఫోన్ ఎత్తడని కూర్చోకండి. ఒక రోజు సెలవు పెట్టండి. బాబునీ తీసుకెళ్ళండి, బడి మానిపించైనా సరే. కేఆర్ పురంలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, కేఆర్ మార్కెట్‌లో దిగండి. అక్కడినుంచి ఆటోలో ఆ కంప్యూటర్ పెట్టెని మీరే ఒళ్ళో పెట్టుకుని షాపుకి వెళ్ళండి. భార్యని రాయబారం పంపితే మాత్రం నాకు మళ్ళీ ఉత్తరం రాయకండి.

ర్యామ్ అనే జ్ఞాపకపు పట్టీ వదులైనా, దాని కాళ్ళకి దుమ్ము పట్టినా కూడా నీలం తెర వస్తుందట. దాన్ని ఊడదీసి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో తుడిచి మళ్ళీ బిగిస్తారట. రెండు నిమిషాల పని. అదే కారణమని నేను చెప్పలేను, చూసి చెప్పాల్సింది ఆ పని తెలిసిన మీ బావమరిదే. మీ ల్యాప్‌టాప్‌లో, చాలా వాటిలోలాగే, ర్యామ్ బోర్డుకి అతికించి ఉంటే, ఈ సుఖం దానికి లేదు. ఈ మాట ఒక్కటే టెక్నికల్‌గా మీకు నేను చెప్పేది.

అక్కడ "సారీ" అని ఇంగ్లిష్‌లో అనేసి చేతులు దులుపుకోకండి. "ఆ రోజు నోరు జారాను, మనసులో పెట్టుకోకు" అనండి. అతను "అయ్యో బావా, అదేం లేదు" అంటాడు. నమ్మకండి. అతను పెట్టె విప్పుతున్నప్పుడు బాబుని పక్కన నిలబెట్టి చూడనివ్వండి, మీరు బయట బల్ల మీద కూర్చోండి, సలహాలు ఇవ్వకండి. మధ్యాహ్నమైతే అతను తెచ్చుకున్న క్యారియర్‌లోంచే పెట్టమని అడగండి. హోటల్‌కి వెళ్దామంటే వద్దనండి.

మీ ల్యాప్‌టాప్ బ్యాగు మాత్రం ఆ రోజు ఇంట్లో పెట్టి వెళ్ళండి.