ఆ స్కానర్‌ను ముందు మీ పేరు మీదికి మార్చండి

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 48 ఏళ్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. శ్రావణంలో, పెళ్లిళ్ల సీజన్‌లో నెలకు 35 వేల దాకా వస్తాయి, ఆషాఢంలో 8 వేలు కూడా కష్టమే. సగటున 22 వేలు. కస్టమర్లు చేసే ఫోన్‌పే మా ఆయన ఖాతాకు పోతుంది. ఆయన వయసు 54, రైస్ మిల్లులో అకౌంటెంట్, జీతం 38 వేలు. ఇంటి లోన్ పోయిన ఏడాది తీరింది. పాపకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, బాబు బీటెక్ రెండో ఏడాది. పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి నెలకు 12 వేలు మిగులుతున్నాయి. 5 లక్షల చిట్టీ ఒకటుంది, 50 నెలల్లో 32 కట్టాం, ఇంకా ఎత్తలేదు. నా పేరు మీదే వేశాం గానీ కట్టేది ఆయన. తెలిసినవాళ్లకు 3 లక్షలు రెండు రూపాయల మిత్తికి ఇచ్చాం, ఐదు నెలలుగా మిత్తి లేదు. 14 తులాల బంగారం, బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. మా మరిది పరకాల రోడ్డులో 12 లక్షల ప్లాటు తీసుకొమ్మంటున్నాడు. నాకేమో స్కూటీ కొనుక్కోవాలని ఉంది, బస్సు ఫ్రీ కదా అంటారు ఆయన. పాపకు ఉద్యోగం వస్తే ఆమె ఎత్తు బంగారం (బెల్లం) ఇస్తానని మేడారంలో మొక్కుకున్నాను, అదీ తీరలేదు. నెలసరి గడబిడగా ఉంది, రాత్రి నిద్ర పట్టదు, ఏవేవో లెక్కలు గుర్తొస్తాయి. నా పేరు మీద ఏమీ లేదు. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమైనట్టేనా?

జవాబు:

మీరు నాకంటే రెండేళ్లు పెద్ద, అందుకని అక్కా అనే పిలుస్తాను. ఆలస్యం కాలేదు అక్కా. అరవై దాకా ఇంకా పన్నెండేళ్లున్నాయి, చేతిలో పని ఉంది, ఇంటి మీద అప్పు లేదు. "నా పేరు మీద ఏమీ లేదు" అని రాశారు గానీ, అంతకు కొన్ని వాక్యాల ముందే చిట్టీ మీ పేరు మీద ఉందని రాశారు. 32 నెలలు కట్టిన చిట్టీ మీ ఆస్తి. ఎవరు కట్టినా దాని మీద సంతకం మీది. మీరు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

అందుకే ప్లాటు, బంగారం, స్కూటీ అన్నీ పక్కన పెట్టి మొదటి పని చెప్తున్నాను. మీ పేరు మీద ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, మీ ఫోన్ నంబర్‌తోనే దానికి ఫోన్‌పే పెట్టుకోండి. మిషను పక్కన గోడకు అంటించిన ఆ స్కానర్ తీసేసి, మీ పేరున్న స్కానర్ అంటించండి. మీ ఆయన మీద అనుమానంతో చెప్తున్న మాట కాదు ఇది. మీ కుట్టుకూలి ఆయన జీతంలో కలిసిపోతే అది ఎంతో, ఎటు పోయిందో మీకే తెలియదు. వేరే ఖాతాలో పడితే ఏడాది తిరిగేసరికి శ్రావణం ఎంత ఇచ్చింది, ఆషాఢం ఎంత తగ్గించింది కళ్ల ముందు కనిపిస్తుంది. ఎక్కువ వచ్చిన నెలలో మిగిలింది అందులోనే ఉండనివ్వండి, తక్కువ వచ్చిన నెలలో దాంట్లోంచి తీసుకోండి. ఇంటి ఖర్చుకు మీ వంతు నెలకు 10 వేలు అని పెట్టుకొని, అది మాత్రం నెలనెలా ఒకేలాగ ఇవ్వండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అమ్మ. మా నాన్న 2011లో పోయారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది, నామినీ లేదు. అమ్మ పాస్‌బుక్‌లన్నీ స్టీలు డబ్బాలో పెట్టుకొని, డబ్బా మీద కొంగు కప్పుకొని బ్యాంకు కౌంటర్ ముందు నిలబడేది. ఒకరోజు వారసుల సర్టిఫికెట్ అడిగారు, ఇంకోరోజు అఫిడవిట్ అడిగారు. ఏడు నెలలు పట్టింది. ఇంట్లో డబ్బుండి కూడా ఆ ఏడు నెలలు కూరగాయలకు మేనమామ దగ్గర చేబదులు తీసుకున్నాం. అందుకే ఈ వారంలోనే ఇద్దరూ కూర్చొని ప్రతి ఖాతాకూ నామినీ ఉందో లేదో చూడండి. ఆయన పీఎఫ్‌కు ఈ-నామినేషన్ చేయించండి. నామినీ అంటే డబ్బు తీసుకునే హక్కే తప్ప సొంతదారు కాదు, కాబట్టి ఇంటికి సంబంధించి ఆయన ఒక వీలునామా రాస్తే మంచిది. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, వాళ్ల సంతకాలూ తీసుకుంటే చెల్లుతుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఇక హెల్త్ ఇన్సూరెన్స్. మీ లెక్కల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆయనకు 54, మీకు 48. ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే చిట్టీ మొత్తం అక్కడే అయిపోతుంది. మీ ఇద్దరికీ, బాబుకూ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి. కంపెనీని బట్టి ఏడాదికి సుమారు 30 నుంచి 40 వేలు అవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అది కొంత నయం. బ్యాంకులో ఉన్న 40 వేలు మొదటి ప్రీమియానికి వాడేయండి. ఖాతా ఖాళీ అవుతుందని భయపడకండి, చిట్టీ డబ్బుతో దాన్ని మళ్లీ నింపుతాం. ఫారంలో బీపీ, థైరాయిడ్, షుగర్ ఏదున్నా దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, మూడేళ్లకు మించకూడదని ఇప్పుడు నియమం ఉంది. ఈరోజు రాస్తే 51 ఏళ్లకల్లా ఆ గడువు అయిపోతుంది. దాచిపెడితే క్లెయిమ్ రోజున పాలసీ ఉన్నా లేనట్టే. పాప ఆఫీసులో గ్రూప్ పాలసీ ఉంటే, అందులో తల్లిదండ్రులను చేర్చే వీలుందేమో కూడా అడగమనండి.

నెలసరి గురించి, నిద్ర గురించి రాశారు. నేను డాక్టర్‌ను కాదు. కానీ ఈ వయసులో ఆడవాళ్లు ఖర్చవుతుందని వాయిదా వేసేది సొంత పరీక్షలనే అని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఏడాదికి 6 వేలు మీ పరీక్షలకని విడిగా రాసుకోండి. గైనకాలజిస్ట్‌ను ఒకసారి కలిసి, షుగర్, థైరాయిడ్, మామోగ్రామ్ ఏవి అవసరమో అడిగి చేయించుకోండి. బాబు ఫీజు గడువు ఎలా దాటనివ్వరో దీన్నీ అలాగే దాటనివ్వకండి. ఇంకో చిన్న విషయం. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరడానికి వయసు 50 దాకానే. ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల బీమా. మీకు రెండేళ్లే టైముంది. ఖాతా తెరిచిన రోజే ఆ ఫారంతో పాటు 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) ఫారం కూడా ఇచ్చేయండి.

చిట్టీ విషయానికొస్తే, చివరిదాకా ఆగితే ఎక్కువ వస్తుందని చాలామంది ఆగుతారు. లెక్క వేద్దాం. చివర్లో తీసుకుంటే 5 శాతం కమీషన్ పోను 4 లక్షల 75 వేలు చేతికొస్తాయి. ఇప్పుడు కమీషన్‌తో కలిపి 60 వేల తగ్గింపుకు పాట మీకు వచ్చిందనుకోండి, 4 లక్షల 40 వేలు వస్తాయి. దాన్ని ఆరున్నర శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే, మిగిలిన 18 నెలలకు 4 లక్షల 83 వేలు అవుతుంది. నెలనెలా కట్టేది ఎలాగూ కట్టాలి, అందులో తేడా లేదు. అంటే 65 వేల లోపు పాటకు దొరికితే ఎత్తుకోవడమే మేలు. పైగా డబ్బు కంపెనీ దగ్గర కాకుండా మీ ఖాతాలో ఉంటుంది, నాకు అది ఇంకా ముఖ్యం. మీ కంపెనీ కమీషన్ ఎంత తీసుకుంటుందో ఒప్పందంలో చూడండి, చట్టం ప్రకారం 7 శాతం మించకూడదు. ష్యూరిటీలకు ఉద్యోగస్తులు దొరక్కపోతే, వచ్చిన డబ్బులో కొంత డిపాజిట్‌గా పెట్టుకొని ఇస్తారేమో అడగండి.

ఆ 4 లక్షల 40 వేలలో 2 లక్షల 40 వేలు మీ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి, ఒకే ముక్కగా కాకుండా నలభై వేల చొప్పున ఆరు ముక్కలుగా. అవసరమొస్తే ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు. ఇది ఆరు నెలల ఇంటి ఖర్చు, పెళ్లి పిలుపులకో ప్లాటు అడ్వాన్సుకో తీసేది కాదు. 90 వేలు బాబు ఫీజుకు. ఒక లక్ష స్కూటీకి. మిగిలిన 10 వేలల్లో మీ పరీక్షలు, పాప ఎత్తు బంగారం రెండూ అయిపోతాయి. పాప బరువు యాభై రెండు యాభై మూడు కిలోలనుకున్నా, అంత బెల్లమంటే మూడు వేల పైచిలుకే కదా. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చిన మాట వాయిదా వేస్తే మనసులో గుచ్చుతూనే ఉంటుంది. పాపను వెంట తీసుకెళ్లి, తూకం వేయించి ఇచ్చి రండి.

స్కూటీ గురించి ఆయనకు ఇలా చెప్పండి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, నిజమే, నేనూ వరంగల్‌కు అలాగే వెళ్తున్నాను. కానీ లైనింగ్ గుడ్డ, ఫాల్స్, జరీ బార్డర్లు రెండు సంచుల నిండా వేసుకొని వరంగల్ చౌరస్తా నుంచి వచ్చేటప్పుడు మీరు బస్సెక్కుతున్నారా, ఆటో ఎక్కుతున్నారా? ఒక నెల పాటు ఆటో కిరాయి నోట్‌బుక్‌లో రాయండి. మీ దగ్గర కొలతల నోట్‌బుక్ ఎలాగూ ఉంటుంది, దాని చివరి పేజీ చాలు. ఆ అంకె చూశాక ఆయనే వద్దనరు. లెక్క ఎలా తేలినా సరే, కొనుక్కోండి. మీ వయసువాళ్లు పొద్దున్నే సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో, వెనక కొడుకునో కూతురునో కూర్చోబెట్టుకొని స్కూటీ నేర్చుకోవడం నేను చూస్తుంటాను. మొదటి రోజు కాళ్లు రెండూ నేలకు రాసుకుంటూ పోతారు, పదో రోజుకు గ్రౌండ్ చుట్టూ తిరిగి వచ్చి నవ్వుతూ ఆపుతారు. పాతికేళ్లు ఇంటికి కుట్టిన చేతులకు ఒక బండి ఎక్కువేం కాదు. లైసెన్స్ మాత్రం ముందే తీసుకోండి.

ప్లాటు వద్దు. మీ మరిది మంచికే చెప్పి ఉండొచ్చు. కానీ 12 లక్షలంటే బంగారం ముట్టకుండా మీకున్నదంతా పెట్టినా సరిపోదు, మిగతాది అప్పే. బాబు చదువు అయ్యేదాకా మీకు కావాల్సింది అడగ్గానే చేతికొచ్చే డబ్బు, ప్లాటు అలా రాదు. అనుమతి లేని లే అవుట్‌లో కొని, 2020లో లే అవుట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. ఎప్పుడైనా కొనాల్సి వస్తే కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి నంబరు, ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) మీరే చూసి, రిజిస్ట్రేషన్ మీ పేరు మీద చేయించుకోండి.

బంగారం కూడా ఇక చాలు. తులం లక్ష దాటిన రోజుల్లో 14 తులాలంటే పాప పెళ్లికి తక్కువేం కాదు, తరుగు, మజూరీ మళ్లీ మళ్లీ కట్టడం ఎందుకు?

ఇక నెలనెలా మిగిలే 12 వేలు. 5 వేలు పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, అంటే పీపీఎఫ్‌లో వేయండి, ప్రతి నెలా 5వ తేదీ లోపు వేస్తే ఆ నెల వడ్డీ పోదు. ఇప్పుడున్న 7.1 శాతం ఇలాగే ఉంటే పదిహేనేళ్లకు దాదాపు 15 లక్షల 75 వేలు అవుతుంది, అప్పటికి మీకు 63. దాన్ని సీనియర్ సిటిజెన్ స్కీములో వేస్తే, ఇప్పటి 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 32 వేల పైన వడ్డీ మీ ఖాతాలో పడుతుంది. 3 వేలు వచ్చే ఏడాది హెల్త్ ప్రీమియానికి పక్కన పెట్టండి. 2,500 రూపాయలు, 50 పెద్ద కంపెనీల షేర్లలో కలిపి పెట్టే నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో సిప్ చేయండి, అంటే నెలనెలా అంతే మొత్తం వేస్తూ పోండి. మార్కెట్ పడితే ఇందులో డబ్బు తగ్గి కనిపిస్తుంది, అది చూసి మీ నిద్ర ఇంకా చెడుతుందనుకుంటే వెయ్యితో మొదలుపెట్టి, మిగతాది పోస్టాఫీసు ఆర్‌డీలో వేసుకోండి. మిగిలిన 1,500 మీవి. స్నేహితురాళ్లతో సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడిచి, వచ్చేటప్పుడు మిర్చి బజ్జీ తిన్నా, నచ్చిన చీర కొనుక్కున్నా ఎవరికీ లెక్క చెప్పకండి.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయాలి. తెలిసినవాళ్లకిచ్చిన ఆ 3 లక్షలకు రాయించుకున్న ప్రామిసరీ నోటు బయటకు తీసి తేదీ చూడండి. నోటుకు మూడేళ్లే గడువు. ఆ లోపు వాళ్లు కట్టినదేదైనా నోటు వెనక తేదీ వేసి చెల్లు రాసి, వాళ్ల సంతకంతో ఉంటే గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇన్ని నెలలు నోటిమాట మీద మిత్తి తీసుకొని వెనక ఏమీ రాయించకపోతే, రేపు ఆ మూడేళ్లు దాటాక కోర్టులో అడగడానికి దారి ఉండకపోవచ్చు. మీరూ ఆయనా కలిసే వాళ్లింటికి వెళ్లండి. మిత్తి వదిలేస్తాం, అసలు నెలకు పది వేల చొప్పున ఇవ్వండి అని అడగండి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. అంత కట్టలేకనే వాళ్లు ఆగిపోయి ఉంటారు, అసలు అడిగితే తప్పించుకోకుండా మాట్లాడే అవకాశం ఎక్కువ. మొదటి పది వేలు చేతికిచ్చిన రోజే నోటు వెనక సంతకం పెట్టించుకోండి. నోటు మీద తేదీకి మూడేళ్లు నిండబోతుంటే మాత్రం ఆగకుండా ఒక వకీలును కలవండి, తేదీ నాకూ రాయండి.