‘ఈడిపస్ రాజు’ నాటకం అర్థం కావాలంటే: రెండు ప్రశ్నలు, ఒకే సాక్షి

ప్రశ్న: ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ‘ఈడిపస్ రాజు’ చదువుతున్నాను. కథ ముందే తెలుసు. అయినా నాటకంలోకి వెళ్తే ఎవరు ఏ సంగతి ఎందుకు ఎత్తుతున్నారో పట్టుబడట్లేదు. గుడ్డి జోస్యుడు టైరీసియస్ మొదట్లోనే నిజం చెప్పేశాడు కదా, ఇక మిగతా నాటకం దేనికి? ఇంతకీ తప్పు ఈడిపస్‌దా, అంతా విధేనా?

జవాబు:

సారాంశం చదువుకుని నాటకంలోకి వచ్చినవాళ్లందరికీ ఈ ఇబ్బందే వస్తుంది. సారాంశం ఈడిపస్ పుట్టుకతో మొదలవుతుంది: జోస్యం, పసిబిడ్డను కొండ మీద పారేయమనడం, కొరింథ్ రాజు దగ్గర పెంపకం, మూడు దారులు కలిసేచోట తన తండ్రి అని తెలియక థీబ్స్ రాజు లాయస్‌ని చంపడం, స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపు విప్పడం, థీబ్స్ గద్దె, తన కన్నతల్లి అని తెలియక రాణి జొకాస్టాతో పెళ్లి. నాటకం మొదటి పంక్తికే ఇవన్నీ అయిపోయి ఏళ్లు గడిచాయి, నలుగురు పిల్లలు కూడా ఉన్నారు. మన కళ్ల ముందు జరిగేది లాయస్‌ని చంపిందెవరని ఈడిపస్ చేసే ఒక్క రోజు విచారణ, అంతే. ఏథెన్స్ ప్రేక్షకులకు కథ ముందే తెలుసు. రాయబారం పొసగదని తెలిసి కూడా మనవాళ్లు కృష్ణరాయబారం నాటకానికి తెల్లవార్లూ కూర్చున్నట్టే వాళ్లూ కూర్చున్నారు. ఆ సంగతి ఈ మనిషికి ఎలా, ఎవరి నోటి నుంచి తెలుస్తుందన్నదే వాళ్లు చూడవచ్చింది.

కాబట్టి ఒక కాగితం మీద మూడు గడులు గీసుకోండి. మొదటి గడిలో పంక్తి సంఖ్య, రెండోదాంట్లో ఎవరు ఎవరికి ఏం చెప్పారు, మూడోదాంట్లో అది విని ఈడిపస్ ఏమనుకున్నాడు. మూడో గడి నింపకపోతే మొదటి రెండూ వృథా. మూలం 1,530 పంక్తులు. మంచి అనువాదాల్లో గ్రీకు పంక్తుల సంఖ్య అంచున వేస్తారు. అది లేని ప్రతి చేతిలో ఉంటే వేరేది చూసుకోండి. నేను కింద ఇస్తున్నవి ఆ సంఖ్యలే. మీ అనువాదంలో రెండు మూడు పంక్తులు అటూ ఇటూ కావచ్చు.

ఇక అసలు విషయం. ఈ నాటకంలో నడిచే ప్రశ్నలు రెండు. లాయస్ రాజును చంపిందెవరు? ఈడిపస్ ఎవరి కొడుకు? కథ తెలిసిన మనకి రెండూ ఒకటే. ఈడిపస్‌కి మాత్రం రెండో ప్రశ్న అసలు లేదు. తన తండ్రి కొరింథ్ రాజు పాలిబస్ అని, తల్లి మెరోపీ అని అతనికి గట్టి నమ్మకం. నాటకంలో దాదాపు మూడింట రెండు వంతులు అతను మొదటి ప్రశ్ననే తవ్వుతుంటాడు. చదివేటప్పుడు ఏ మాట ఏ ప్రశ్నకు చెందిందో పక్కన ఒకటి అనో రెండు అనో వేసుకోండి. అంతవరకు పిచ్చి పట్టుదలలా కనిపించిన అతని ప్రవర్తనకి లెక్క దొరుకుతుంది.

దీన్ని పరీక్షించడానికి 707 నుంచి 755 వరకు మెల్లగా చదవండి. జొకాస్టా మొగుణ్ణి ఊరడించడానికి వచ్చింది. జోస్యాలన్నీ ఉత్తవే అని రుజువు చెప్పబోయి తన పాత సంగతి చెబుతుంది: లాయస్ కొడుకు చేతిలో చస్తాడన్నారు, ఆ బిడ్డ పుట్టి మూడు రోజులు కాకముందే చీలమండలు బిగించి కొండ మీద పారేయించాడు, లాయస్‌ని మాత్రం మూడు దారులు కలిసేచోట పరాయి దొంగలెవరో చంపారు. కాళ్ల సంగతి 718లో వస్తుంది. తన కాళ్ల మీద పుట్టినప్పటి నుంచీ మచ్చలున్న మనిషి అది విని కదలడు. మూడు దారులు అన్నచోట మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. కాళ్లు రెండో ప్రశ్నకు చెందినవి, దారులు మొదటిదానికి చెందినవి. అలాంటి చోట ఒక ముసలాయన్ని కొట్టి చంపిన సంగతి అతనికి గుర్తుంది. తాను దొరికిన బిడ్డనన్న ఊహే లేదు. వెంటనే పోలీసులా ప్రశ్నలు వేస్తాడు. ఎక్కడ? ఫోకిస్‌లో, డెల్ఫీ దారి, డౌలియా దారి కలిసేచోట. ఎప్పుడు? నువ్వు రాజువి కావడానికి కాస్త ముందు. మనిషి ఎలా ఉంటాడు? వెంట ఎంతమంది? అందరూ కలిపి అయిదుగురు, అందులో ఒక చాటింపరి, బండి ఒకటే. 745కి వచ్చేసరికి హంతకుడి మీద తాను పెట్టిన శాపం తనకే తగిలిందేమోనని అనుమానం మొదలైంది. అయినా ఆ అనుమానం ఒక పరాయి రాజుని చంపానన్నంత వరకే.

టైరీసియస్ సంగతి కూడా ఇలాగే చూడండి. అతను 353 దగ్గరే ఊరికి మైల నువ్వే అంటాడు, 362లో హంతకుడివి నువ్వే అని తేల్చేస్తాడు. ఈడిపస్ నమ్మకపోవడం మూర్ఖత్వమని చాలామంది రాస్తారు. అతని వైపు నుంచి చూస్తే అనుమానించడానికి తగినన్ని కారణాలున్నాయి. ముసలాయన రావడానికే ఆలస్యం చేశాడు, వచ్చి నోరు విప్పనన్నాడు, ఈ హత్యలో నీకే చెయ్యి ఉందని ఈడిపస్ నిందించాకే ఎదురు నింద వేశాడు. పైగా అతన్ని పిలిపించమని సలహా ఇచ్చింది రాణి సోదరుడు క్రియాన్, ఈడిపస్ తర్వాత గద్దెకు దగ్గరివాడు. స్ఫింక్స్ ఊరిని తింటున్నప్పుడు ఈ దివ్యదృష్టి ఎక్కడికి పోయిందని ఈడిపస్ అడిగిన ప్రశ్నకి (390 నుంచి) టైరీసియస్ దగ్గర సూటి జవాబు లేదు. ఈడిపస్ కుట్ర అనుకోవడం తప్పే. కానీ చేతిలో ఉన్న సమాచారంతో కట్టిన తప్పు అది. దానికి కోపం తోడై క్రియాన్‌కి మరణశిక్ష వేస్తాననేదాకా పోయింది; ఆ తొందర మాత్రం అతని సొంతం.

ఆ తగువు మధ్యలో 436, 437 పంక్తుల దగ్గర ఆగండి. నిన్ను కన్నవాళ్లు నన్ను తెలివైనవాడనే అనుకున్నారని టైరీసియస్ అనగానే ఈడిపస్ తిట్టడం ఆపేసి, ఆగు, నన్ను కన్నదెవరు అంటాడు. రెండో ప్రశ్న తల ఎత్తింది అక్కడే. ఎత్తి వెంటనే దిగిపోయింది. ఆ ఒక్క పంక్తి ఎందుకొచ్చిందో 779 దగ్గర తెలుస్తుంది: కొరింథ్‌లో ఒక తాగుబోతు నువ్వు నీ తండ్రికి పుట్టలేదన్నాడు, ఆ ముల్లు గుచ్చుకునే ఈడిపస్ అపోలో దేవుడి జోస్యం చెప్పే చోటైన డెల్ఫీకి వెళ్లాడు. అపోలో అడిగినదానికి జవాబివ్వకుండా, తండ్రిని చంపుతావు, తల్లితో పిల్లల్ని కంటావు అని చెప్పి పంపాడు. అతను కొరింథ్‌కి మళ్లీ పోకుండా పారిపోయి వచ్చింది అందుకే.

ఇప్పుడు ఒకే ఒక్క సాక్షి. లాయస్ వెంట వెళ్లినవాళ్లలో బతికి బయటపడ్డవాడు ఒక్కడు. దొంగలు చాలామంది కలిసి చంపారని వాడు చెప్పాడు (క్రియాన్ నోట 122 దగ్గర వింటాం). గద్దె మీద ఈడిపస్‌ని చూశాక వాడు జొకాస్టా చెయ్యి పట్టుకుని, ఊరు కనిపించనంత దూరం పొలాలకి పంపెయ్యమని బతిమాలాడు (758 నుంచి). ఈడిపస్ ఆశ అంతా ఆ లెక్క మీదే: వాడు ఇప్పటికీ చాలామంది అంటే నేను కాదు, ఒక్కడన్నాడా ఇక నేనే (842 నుంచి). అందుకే వాణ్ణి పిలిపిస్తాడు. వాడు వచ్చేది 1110 తర్వాత. వచ్చాక ఎంతమంది అన్న ప్రశ్న ఎవరూ అడగరు! చాలామంది పాఠకులు దీన్ని దాటిపోతారు, గమనించిన కొందరు రచయిత మరిచిపోయాడంటారు. ఈలోగా కొరింథ్ నుంచి వార్తాహరుడు రావడంతో రెండో ప్రశ్న మొదటిదాన్ని మింగేసింది. బిడ్డను కొరింథ్ కాపరి (ఇప్పుడు వచ్చిన వార్తాహరుడే) చేతికిచ్చిన లాయస్ ఇంటి గొర్రెలకాపరి, హత్య చూసి పారిపోయినవాడు ఒకడేనని గాయకబృందం (నాటకంలో పాటలు పాడే ఊరిపెద్దలు) 1051లో చెబుతుంది. రెండో ప్రశ్నకి జవాబు వచ్చేస్తే మొదటిదానికి విడిగా జవాబు అక్కర్లేదు. ఒకే మనిషి రెండుచోట్లా ఉండటం మరీ కుదిరినట్టుంది అంటారా, నిజమే. ఇన్నేళ్లూ లాయస్ ఎలా పోయాడో ఈడిపస్ ఆరా తియ్యకపోవడం కూడా నమ్మశక్యం కాదని అరిస్టాటిలే ఒప్పుకున్నాడు. అది నాటకం బయట జరిగింది కాబట్టి సర్దుకోవచ్చన్నాడు.

కొరింథ్ వార్తాహరుడు వచ్చిన ఘట్టాన్ని (924 నుంచి 1085) కనీసం రెండుసార్లు చదవాలి. పాలిబస్ ముసలితనంతో పోయాడని, ఈడిపస్‌ని అక్కడ రాజుని చేస్తారని శుభవార్తలా చెప్పడానికి వచ్చాడు. తల్లి గురించి భయం పోలేదని ఈడిపస్ అంటే, ఆ భయం కూడా తీర్చేద్దామని, పాలిబస్ నీకు రక్తసంబంధమే కాదు అనేస్తాడు. భయం తీర్చడానికి చేసిన పని దానికి సరిగ్గా ఎదురు ఫలితం ఇచ్చింది. తలకిందులయ్యే మలుపుకి అరిస్టాటిల్ ఇచ్చిన ఉదాహరణ ఇదే. మొదటిసారి ఈ ఇద్దరి మాటలు చదవండి. రెండోసారి జొకాస్టాని చూడండి. ఆమె 987లో ఒక మాట అని మళ్లీ 1056 దాకా నోరు విప్పదు. దాదాపు డెబ్బై పంక్తులు వేదిక మీదే నిలబడి ఉంది, పుస్తకంలో పేరు కనిపించదు కాబట్టి మనం మరిచిపోతాం. ఆ మధ్యలోనే, 1034లో, వార్తాహరుడు నీ చీలమండలకి గుచ్చినవి విప్పింది నేనే అంటాడు. 718లో బిడ్డ కాళ్ల సంగతి చెప్పింది ఆమే కదా. ఇద్దరికీ ఒకే సమాచారం అందింది. ఆమె మాత్రం రెండు ముక్కలనీ కలిపి చూసింది కాబట్టి అతుక్కున్నాయి. తర్వాత ఆమె వద్దు, ఇక వెతకొద్దని కాళ్లావేళ్లా పడుతుంటే, నేను తక్కువ కులంలో పుట్టానని తేలుతుందేమోనని ఈవిడకి నామోషీ అనుకుంటాడు ఈడిపస్. ఆ నాటకంలో అతను చేసిన అన్నిటికన్నా పెద్ద పొరపాటు అంచనా అదేనని నా అభిప్రాయం.

పాత్రల విషయంలో ఎక్కువమంది బోల్తా పడేది క్రియాన్ దగ్గర. సోఫోక్లీస్‌దే మరో నాటకం ‘యాంటిగొనీ’లో మొండి పాలకుణ్ణి తెచ్చి ఇక్కడ పెట్టేస్తారు. ఈ మూడు థీబ్స్ నాటకాలు ఒకే వరసలో రాసినవి కావు. ‘యాంటిగొనీ’ కథాక్రమంలో చివరిదైనా ముందు రాసింది, మామూలుగా క్రీ.పూ. 441 ప్రాంతం అంటారు. ‘కోలోనస్‌లో ఈడిపస్’ రచయిత పోయాక క్రీ.పూ. 401లో ఆడారు. ఇక్కడి క్రియాన్ నిదానస్తుడు. రాజు కాకుండానే రాజభోగం ఉండగా రాత్రుళ్లు నిద్ర పోగొట్టే గద్దె నాకెందుకని లెక్కలు వేసి వాదిస్తాడు (583 నుంచి).

గాయకబృందం అంటే పదిహేనుమంది థీబ్స్ పెద్దలు. వాళ్ల మాటని సోఫోక్లీస్ తీర్పు అనుకోకండి. ఊరిపెద్దలు ఆ నిమిషానికి ఏమనుకుంటారో అదే పాడతారు. టైరీసియస్ వెళ్లాక రుజువు లేకుండా మా రాజుని తప్పుపట్టం అన్నవాళ్లే, జొకాస్టా జోస్యాల్ని తీసిపారేశాక (863 నుంచి) దేవుడి మాట నిజం కాకపోతే మేమెందుకు ఆడిపాడాలి అని బెంబేలెత్తుతారు. మొదటి చదువులో పాటల్లోని దేవతల పేర్ల దగ్గర ఆగిపోవద్దు. పాట చివర వాళ్లు ఎటు మొగ్గారో ఒక్క ముక్క రాసుకుంటే చాలు.

విధి ప్రశ్నకి వస్తే, జోస్యం చెప్పినవన్నీ నాటకం మొదలుకాకముందే జరిగిపోయాయి. హత్య, పెళ్లి తెలియక జరిగినవి, కాబట్టి అహంకారంతో పతనమయ్యాడు అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే నాటకానికి అన్యాయం. తన పుట్టుక మీద విచారణ చేయమని మాత్రం ఏ జోస్యమూ అతన్ని తోయలేదు. హంతకుణ్ణి వెళ్లగొట్టమని డెల్ఫీ చెప్పింది నిజమే, నీ పుట్టుక తవ్వుకో అని చెప్పలేదు. టైరీసియస్, జొకాస్టా, కాపరి ముగ్గురూ ఆపమన్నారు. కాపరి 1169లో చెప్పరాని మాట అంచున ఉన్నానంటే, నేను వినరాని మాట అంచున ఉన్నాను, అయినా వినాల్సిందే అంటాడు ఈడిపస్. కళ్లు పొడుచుకున్నాక కూడా, ఇదంతా చేయించింది అపోలో, ఈ కళ్లని పొడిచిన చెయ్యి మాత్రం నాదే అని విడదీసి చెబుతాడు (1329 నుంచి). మీ ప్రశ్నకి నాటకంలో ఉన్న జవాబు ఇంతకన్నా స్పష్టంగా లేదు.

సమాధానాలు రాసేవాళ్లు బయటి పురాణం నుంచి తెచ్చి కలిపేసేవి కొన్ని ఉంటాయి, వాటి దగ్గర జాగ్రత్త. స్ఫింక్స్ పొడుపు ఏమిటో ఈ నాటకంలో ఎక్కడా లేదు. లాయస్ చేసిన పాత పాపం వల్ల వంశానికి శాపం తగిలిందన్నదీ ఇందులో రాదు. ఇక ముగింపు: ఈడిపస్ దేశం విడిచి వెళ్లిపోయాడని దాదాపు అందరూ రాస్తారు. పంపించెయ్యమని అడిగింది అతనే, నిజం. క్రియాన్ ముందు దేవుణ్ణి అడగాలన్నాడు, కూతుళ్లని అతని చేతుల్లోంచి విడిపించాడు, ఇంట్లోకి నడవమన్నాడు. నాటకం అయిపోయేసరికి ఈడిపస్ ఇంకా థీబ్స్‌లోనే ఉన్నాడు.