పని ఆపాక తల తిరిగితే

ప్రశ్న: నా వయసు 42. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో గుమాస్తాను. రోజంతా కూర్చుని చేసే పని. ఈమధ్య వాన ముంచుకురావడంతో హమాలీలతో పాటు నేనూ మిర్చి బస్తాలను పరుగున షెడ్డులోకి చేర్చాను. పని ఆపి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మాయి. మణికట్టు పట్టి చూస్తే నాడి ఒక దెబ్బ తప్పి, మరుసటిది గట్టిగా కొట్టినట్టు తెలిసింది. కూర్చున్నాక తగ్గింది. బీపీకి మాత్ర వాడుతున్నాను. ఇది గుండె జబ్బా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తల తిరగడం బస్తా మోస్తుండగా కాక, ఆపాక మొదలవడం కొంత ఊరటనిచ్చే విషయం. శ్రమ చేస్తున్నంతసేపూ కాళ్ల కండరాలు బిగుస్తూ సడలుతూ సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడుతుంటాయి. ఉన్నపళంగా నిలబడిపోతే ఆ నెట్టుడు ఆగుతుంది. శ్రమ కోసం విప్పారిన రక్తనాళాలు మాత్రం వెంటనే ముడుచుకోవు కాబట్టి రక్తం కాళ్లలోనే నిలిచి, రక్తపోటు పడిపోయి, మెదడుకు అందే రక్తం కాసేపు తగ్గుతుంది. ఎండ, చెమట, నీళ్లు తాగకపోవడం, కొన్ని రకాల బీపీ మాత్రలు దీన్ని పెంచుతాయి. అలాగని మాత్రను మీ అంతట మీరే మానకండి.

గుండె ఒక్కోసారి వేళకు ముందే కొట్టుకుంటుంది. అప్పటికి గదులు సరిగా నిండవు కనుక ఆ దెబ్బ మణికట్టు దాకా అందదు. ఆ తర్వాతి విరామంలో రక్తం ఎక్కువగా నిండడంతో మరుసటి దెబ్బ బలంగా తగులుతుంది. శ్రమ ముగిసిన తొలి నిమిషాల్లో ఇది ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది.

అయినా ఉత్తరం చదివి జబ్బు లేదని తేల్చడం సరికాదు. ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలిసి, వాడే మాత్రల చీటీ చూపించి, పడుకున్నప్పుడూ నిలబడినప్పుడూ బీపీ చూపించుకోండి. ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు అవసరం. విశ్రాంతిలో తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన విషయం తేలిపోదు, ఎకో (గుండె స్కానింగ్), 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకునే చిన్న యంత్రంతో రోజంతా తీసే ఈసీజీ) కూడా కావలసి రావచ్చు. ట్రెడ్‌మిల్ పరీక్షకు మాత్రం సొంతంగా వెళ్లకండి. గుండె కవాటం దారి బాగా ఇరుకై ఉంటే ఆ పరీక్ష ప్రమాదకరం. రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

పని మధ్యలోనే స్పృహ తప్పినా, ఛాతీ పట్టేసినట్టున్నా, నాడి గతి తప్పి అలాగే సాగినా 108కి ఫోన్ చేయించండి.

డాక్టరు సరేననే దాకా బరువులు ఎత్తవద్దు. ఏ శ్రమ తర్వాతైనా రెండు మూడు నిమిషాలు మెల్లగా నడవండి. కళ్లు చీకట్లు కమ్మితే అక్కడే పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోండి. చుట్టూ చేరినవారు లేపి నిలబెట్టబోతారు, ఒప్పుకోకండి.